బటన్ రీలు

హార్లో, మిస్సోరి
20 నవంబరు 1988

వెర్లన్‌కి,

నీ అక్క నడీన్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. మీ బావ హోయ్ట్ వారం నుంచి తెల్లారగట్లే లేచి జింకల వేటకి పోతున్నాడు. ఇంతవరకు ఒక్క జింకా కనబడలేదు గాని జలుబు మాత్రం పట్టుకొచ్చాడు.

పడవని షెడ్డులోకి ఎక్కించేశాం. సరస్సులో నీళ్ళు దించేశారు. రేవు దగ్గర బురదా, ఎవరో పారేసుకున్న మడతకుర్చీ ఒకటీ కనిపిస్తున్నాయి. బాస్ చేపలన్నీ లోతుకి పోయి కదలకుండా పడుకున్నాయి. మార్చి దాకా మనకి పనిలేదు కనక వంటింటి బల్ల మీద పాత గుడ్డ పరిచి గాలం దారం చుట్టే రీళ్ళన్నీ విప్పాను. సెప్టెంబరులో నువ్వు ఇక్కడ మర్చిపోయిన రీలు కూడా విప్పాను. లోపలున్న ఇసుక చూసి మీ బావ, "మీ తమ్ముడు దీంతో చేపలు పట్టాడా, నుయ్యి తవ్వాడా?" అన్నాడు.

అసలు సంగతికొస్తాను. ఈ చలికాలం మనం కొత్త గాలపు రాడ్లు తీసుకోవాలి. కొట్లో ఇప్పుడు గిరాకీ లేదు, ఎంతసేపైనా పట్టుకుని ఊపి చూసుకోనిస్తాడు. గ్రాఫైట్‌వి వచ్చాయి. చీపురుపుల్లంత తేలిక. చేప ఎరని మూతితో అలా ముట్టుకున్నా మోచేతిదాకా తెలుస్తుంది. కాని పడవ అంచుకి తగిలితే ఠప్పున విరుగుతుందట. మన పాత ఫైబర్‌గ్లాసువి బరువే, అయితే వాటితో పామును చంపి మళ్ళీ చేపలు పట్టుకోవచ్చు. నాచులోంచి చేపని లాగడానికి ఏడడుగుల గట్టిది ఒకటి, ఎరగా రబ్బరు పురుగులు వెయ్యడానికి ఆరడుగుల మెత్తటిది ఒకటి అనుకుంటున్నాను. నువ్వేమంటావ్? ఏప్రిల్లో మనిద్దరం వెళ్ళే జంటల చేపల పోటీ నాటికి చేతికి అలవాటు కావాలంటే ఇప్పుడే కొనాలి.

ఇంకో మాట. అక్టోబరు నుంచీ నీ ఫోను లేదు. నేను చేస్తే ఎత్తవు. చచ్చావా బతికావా అని మీ బావ అడుగుతున్నాడు. నేనైతే అంత మాట అనను. జవాబు రాయి.

అక్క
నడీన్


బ్రాడీస్ బెండ్, కెంటకీ
4 డిసెంబరు 1988

అక్కా,

ఉత్తరం అందింది. ఫోను పాడైంది. బాగుచేసేవాడు రావట్లేదు. టైపు మిషను ఒకటి దొరికితే దీని మీద కొడుతున్నాను, ఏమనుకోకు.

ఏప్రిల్ పోటీకి నన్ను లెక్కలో పెట్టుకోకు. యార్డులో పని ఎక్కువగా ఉంది. వెల్డింగు చెయ్యాల్సిన బార్జీ పడవలు వరస కట్టి ఉన్నాయి. నువ్వు ఇంకెవరినైనా జత చూసుకో.

గ్రాఫైటు మంచిదే. కొనుక్కో.

నాకో సలహా కావాలి. యార్డులో ఒకతనున్నాడు. ఎడమచేతివాటం. చేతుల్లో బలం అంతగా లేదు. బాస్ చేపలు పట్టాలని ఉంది. అలాంటివాడికి ఏ రాడ్డు, ఏ రీలు బాగుంటాయి? రీళ్ళ సంగతి నీకు తెలిసినంత ఇక్కడెవరికీ తెలియదు. తొందరేం లేదు, చలికాలమంతా ఉంది.

బావని అడిగానని చెప్పు.

వెర్లన్


హార్లో
11 డిసెంబరు 1988

ఒరేయ్ వెర్లన్,

బీమా కంపెనీవాళ్ళు రాశారనుకుని నీ ఉత్తరం విప్పకుండా గడియారం వెనక పడేశాను. సొంత అక్కకి టైపు కొట్టిన ఉత్తరమేమిట్రా?

యార్డులో పని ఎప్పుడు తక్కువ? పోయినేడు పక్కటెముక విరిగి కూడా వచ్చావు. రాడ్డు విసిరిన ప్రతిసారీ అమ్మా అని మూలిగావు గాని ఇంట్లో కూర్చోలేదు. మీ ఆవిడ రూత్ ఆన్ చనిపోయిన ఏడు కూడా వచ్చావు. సాయంత్రం దాకా పడవలో కూర్చుని ఎర విసురుతూనే ఉన్నావు, నేనూ నీ పక్కన విసురుతూనే ఉన్నాను. అలాంటిది ఇవాళ "ఇంకెవరినైనా జత చూసుకో" అంటే ఏమనుకోమంటావు? సెప్టెంబరులో నీ చేపని చూసి ఎరకన్నా చిన్నదన్నాను, దానికి అలిగావా? అది నిజంగానే చిన్నదిరా.

సరే. నీ స్నేహితుడి సంగతి. ఎడమచేతివాటం వాడిది అదృష్టం. మనం కుడిచేత్తో విసిరి, రాడ్డు ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో పిడి తిప్పుతాం. వాడు ఎడమచేత్తో విసిరి, మార్చుకునే పని లేకుండా కుడిచేత్తో తిప్పేసుకుంటాడు. కొట్లో ఉన్న ఏ మామూలు రీలైనా సరిపోతుంది. బలం లేదంటున్నావు కనక రాడ్డు గ్రాఫైటుది తీసుకోమను, ఆరడుగులకి మించొద్దు.

మీ బావకి జింక దొరికింది. చిన్నది. నీ చేపలాగే.

వాడి పేరేమిటి?

అక్క


బ్రాడీస్ బెండ్
19 డిసెంబరు 1988

అక్కా,

అలక ఏమీ లేదు.

అతని కుడిచెయ్యి పనిచెయ్యదు. అది ముందే రాయాల్సింది. విసరడం, తిప్పడం రెండూ ఎడమచేత్తోనే జరగాలి. పిడి ఎడమవైపున్న రీళ్ళ కోసం కొట్లవాళ్ళు పంపే అమ్మకం పుస్తకాలన్నీ తిరగేశాను. చాలా తక్కువ ఉన్నాయి. ఉన్నా, ఆ చెయ్యి పిడి తిప్పుతుంటే రాడ్డుని పట్టుకునేదేమిటి? నా ఆలోచన అక్కడ ఆగిపోయింది. నీకేమైనా తోస్తే రాయి.

పేరుతో పనేముంది. నీకు తెలియని మనిషి.

క్రిస్మస్‌కి రాలేను. ఉప్పులో ఊరేసి పొగబెట్టిన పంది తొడ ఒకటి పంపుతున్నాను. బావకి కొవ్వు ముక్కలు పెట్టకు.

వెర్లన్


హార్లో
30 డిసెంబరు 1988

వెర్లన్‌కి,

పంది తొడ అందింది. బాగుంది. నీ అబద్ధాలు మాత్రం బాగాలేవు.

పండక్కి పిన్ని కూతురు ఓపల్ వచ్చింది. పోయిన వారం మీ ఊరి మీదుగా వస్తూ పెట్రోలు బంకులో నీ ట్రక్కు చూసిందట. నువ్వు పక్క సీట్లో ఉన్నావట. ఎర్ర స్కార్ఫు కట్టుకున్న ఆవిడ ఎవరో నడుపుతోందట. ఓపల్ చెయ్యి ఊపితే నువ్వు మొహం అటు తిప్పుకున్నావట. "ఆవిడ స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే ట్రక్కు తనదే అన్నట్టుంది అక్కా" అంది. ఆ ట్రక్కుని రూత్ ఆన్ బతికుండగా ఆమెకే ముట్టుకోనివ్వలేదు నువ్వు!

యార్డులో ఎడమచేతివాటం స్నేహితుడు స్కార్ఫు కట్టుకుంటాడన్నమాట.

నువ్వు ఇంకో మనిషిని చూసుకున్నావని నాకు బాధ లేదు. ఒంటరిగా ఉన్నావు, మంచిదే, నేనే అందామనుకున్నాను. కాని వెర్లన్, ఆవిడని పడవలో నా సీట్లో కూర్చోబెట్టాలంటే నాతో చెప్పొచ్చుగా. చెప్పకుండా నన్ను వదిలించుకుని, ఆవిడ పట్టుకోవడానికి రాడ్డు కూడా నన్నే ఏరిపెట్టమంటావా? ఆ మాట రాయడానికి నీకు టైపు మిషను కావలసి వచ్చిందా?

అయినా అడిగావు కనక ఏరాను. నా పనిలో నేను మోసం చెయ్యను. పెట్టెలో పంపుతున్నాను. ఐదున్నర అడుగుల రాడ్డు, దాని మీద బటన్ రీలు. బొటనవేలితో బటన్ నొక్కి విసరడమే. దారం చిక్కుపడదు, బలం అక్కర్లేదు. కొట్లో ఎర్రది ఒకటే ఉంది. స్కార్ఫుకి కలిసొస్తుందిలే.

పోటీకి నా పేరు పక్కన మీ బావ పేరు రాయించాను. ఆయనకి పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. నీ పుణ్యమే.

నడీన్


బ్రాడీస్ బెండ్
10 జనవరి 1989

అక్కా,

పెట్టె అందింది. విప్పి చూశాను.

ట్రక్కు నడిపిన గ్లెండా నీకు చెప్పేసిందన్నమాట, ఆ స్కార్ఫు కథంతా నన్ను దెప్పడానికే. ఎవరికీ చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. సరే, తెలిస్తే తెలిసింది. కాని చెయ్యి పడిపోయినవాడికి చిన్నపిల్లలు ఆడుకునే ఎర్ర బొమ్మ పంపి, పైన "కొత్తగా నేర్చుకునేవారికి" అని నీ చేత్తో చీటీ రాసి అంటిస్తావా? నీ నోరు ఎలాంటిదో నాకు తెలుసు. ఇంత దూరం పోతుందనుకోలేదు.

నువ్వు పెళ్ళై వెళ్ళేనాటికే నేను సొంతంగా రీలు విప్పి బిగించేవాణ్ణి. చెట్టు వేళ్ళ మధ్య పళ్ళెమంత ఖాళీ ఉంటే అందులో ఎర పడేసేవాణ్ణి. పక్షవాతం వచ్చింది కుడిపక్కకే. తలకాయ బాగానే ఉంది. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

నీ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టడం లేదు. నా సీటే ఖాళీ అయింది.

దీన్ని తిరిగి పంపేద్దామనుకున్నాను. ఒంటి చేత్తో పెట్టె కట్టలేకపోయాను.

వెర్లన్


హార్లో
14 జనవరి 1989

తమ్ముడూ,

నాకు తెలియదు. ముందు ఆ మాట నమ్ము. గ్లెండా ఎవరో నాకు తెలియదు, ఆమె నాకేమీ చెప్పలేదు. నీ ఉత్తరంలో చదివేదాకా నాకేమీ తెలియదు.

పెరట్లో కోళ్ళకి గింజలు చల్లుతూ చదివాను. మీ బావ వచ్చి చేతిలోంచి కాగితం తీసుకుని చదివి, "అయ్యో, ఆ ఎర్ర రీలు" అన్నాడు.

ఆవిడకి అనుకుని పంపానురా. నీకు అనుకుంటే ఆ చీటీ రాస్తానా? ఎవరికో అనుకుని అయినా అలా రాయకూడదు, అది వేరే సంగతి.

తిట్టాలని ఉంది. పక్షవాతం వచ్చిన మాట అక్కకి చెప్పకుండా దాచేవాణ్ణి ఏం చెయ్యాలి? అమ్మ ఉంటే నీ వీపు పగలగొట్టేది. రేపే బయల్దేరదామంటే ఇక్కడ రోడ్డంతా గాజులా మంచు పట్టి ఉంది, మా గేటు దాకా వెళ్ళడానికి మీ బావ బూడిద చల్లుతున్నాడు. కరగగానే వస్తాను.

ఈలోగా నేను అడిగినవాటికి సరిగ్గా జవాబు రాయి. డాక్టరుకి చెప్పినట్టు ఏదో ఒకటి చెప్పకు. భుజం ఎంత లేస్తుంది? మోచెయ్యి ఒంటికి అదిమి పట్టుకోగలవా? చంకలో పేపరు పెట్టుకుంటే జారిపోతుందా, నిలుస్తుందా? వేళ్ళు ముడుచుకుంటాయా? నిలబడి ఎంతసేపు ఉండగలవు? ఎలా వచ్చిందో కూడా రాయి.

అక్క


బ్రాడీస్ బెండ్
22 జనవరి 1989

అక్కా,

నీకు తెలుసనుకుని రాశాను. ఆ ఉత్తరం పొయ్యిలో పడెయ్యి.

అక్టోబరులో ఒక ఉదయం షెడ్డులో పడవ బండి చక్రాలకి గ్రీజు పెడుతున్నాను. డబ్బా చేతిలోంచి జారింది. తీద్దామని వంగితే చెయ్యి రాలేదు. ముందు నవ్వొచ్చింది. తర్వాత కాలు కూడా మడతపడి కింద కూలబడ్డాను. అరిస్తే మాట కాదు, ఏదో చప్పుడు వచ్చింది. రెండిళ్ళ అవతల ఉండే గ్లెండా వాళ్ళ కుక్క వచ్చి నా మొహం నాకి ఒకటే మొరుగుడు. దాన్ని తిట్టడానికి వచ్చి ఆమె నన్ను చూసింది.

గ్లెండా గురించి ఓపల్ అనుకున్నది ఏదీ లేదు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. కదలకుండా కూర్చోమని ట్రక్కులో నన్ను గద్దిస్తుంది. నేను వండింది కుక్కకి కూడా పెట్టనివ్వదు. వారానికి మూడుసార్లు నన్ను వ్యాయామానికి తీసుకెళ్తుంది, దారంతా నా వెల్డింగు యార్డు వాళ్ళని తిడుతుంది.

ఫోను పాడవలేదు. నేనే తీగ పీకేశాను. మాట ముద్దగా వస్తోంది. ఒకసారి యార్డుకి ఫోను చేసి నా పేరు చెబితే, తాగిన మనిషనుకుని పెట్టేశారు. నీకు ఆ గొంతు వినిపించాలనిపించలేదు. అందుకే రావద్దంటున్నాను. ఇంకొన్నాళ్ళు ఆగు.

భుజం సగం లేస్తుంది. చంకలో పేపరు నిలిచింది. గ్లెండా లాగితే కూడా రాలేదు. వేళ్ళు ముడుచుకోవు. గంట నిలబడగలను, తర్వాత కుర్చీ కావాలి.

ఇప్పుడు నా మాట కూడా విను. బటన్ రీలు వద్దు. దాని లోపల దారం బొటాబొటిగా పడుతుంది. లోపలి బిగువు సన్న దారానికే గాని పెద్ద చేప గట్టిగా లాగితే నిలవదు. నాచులో దూరిన బాస్‌ని దాంతో బయటికి తేలేవు. పిడి ఎడమవైపున్న అసలైన రీలు ఒకటి చూసి పెట్టు. వేలితో దారాన్ని అదుపు చేసుకునే రీలు. ఆటబొమ్మతో నేను నీళ్ళ దగ్గరికి వెళ్ళను.

వెర్లన్


హార్లో
5 ఫిబ్రవరి 1989

తమ్ముడూ,

నువ్వు రాసిన రీలు తెప్పించాను. మా పెరట్లో పరీక్ష పెట్టాను. మీ బావ తన బెల్టుతో నా కుడిచెయ్యి ఒంటికి కట్టేశాడు. "ఇరవై ఏళ్ళ కిందే ఈ పని చెయ్యాల్సింది" అని ఒకటే సంతోషం. చర్చి నుంచి ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

ముందు నీ అసలైన రీలు. ఎడమచేత్తో విసరడం నాలుగైదుసార్లకి కుదిరింది. చిక్కంతా ఆ తర్వాతే. ఎర నేల మీద పడేలోగా దారాన్ని వేలితో నొక్కి ఆపాలి కదా, అదే చేత్తో రాడ్డుని చంకలోకి తోసుకోవాలి. రెండూ ఒకేసారి కావు. ప్రతిసారీ దారం పిచ్చుకగూడులా చుట్టుకుపోయింది. దాన్ని ఒంటి చేత్తో విప్పడానికి నాకు ఓపిక లేక బెల్టు విప్పించుకున్నాను. నీకు విప్పించుకునే వీలు లేదు.

తర్వాత తెరిచి ఉండే రీలు చూశాను, తీగ వంపు తిప్పి విసిరేది. విసరబోయేముందు దారాన్ని వేలికి తగిలించుకుని, వంపు తిప్పాలి. అదీ రెండు చేతుల పనే. మీ బావ టోపీ ఒకటి పోయింది, చెట్టు మీదుంది.

చివరికి బటన్ రీలు. కోపం తెచ్చుకోకుండా చదువు. అన్నీ పిల్లలవే కావు. నదిలో పెద్ద క్యాట్‌ఫిష్ పట్టేవాళ్ళు వాడే ఇనప బటన్ రీలు ఒకటుంది. లావు దారం పడుతుంది. పిడి ఏ పక్కకైనా మార్చుకోవచ్చు. దాని మీద బిగువు పెంచి, దారం కొసకి ఇటుకల సంచి కట్టి, ఈడ్చాను. వచ్చింది.

రాడ్డు నువ్వు అమ్మకం పుస్తకాల్లో వెతకద్దు, అలాంటిది ఎక్కడా లేదు. ఆరడుగుల గట్టి గ్రాఫైటుది తీసుకుని, దాని అడుగున పారకి వేసే కర్ర ముక్క మూరెడు అతికించాను. నునుపు చేసి తోలు చుట్టాను. ఎడమచేత్తో విసిరాక ఆ కర్రని నీ కుడి చంకలో పెట్టుకోవాలి. మోచేత్తో అదుముకోవాలి. రీలు బొడ్డు ముందుకొస్తుంది, ఎడమచేత్తో తిప్పుకోవచ్చు. చేప ఎర పట్టగానే చెయ్యి ఎత్తకు. నడుము తిప్పు. ఒళ్ళంతా తిరిగితే కొక్కెం దానంతటదే గుచ్చుకుంటుంది. మీ బావ ప్యాంటు మీద చూశాం, గట్టిగానే గుచ్చుకుంది.

రంగు నలుపు. చీటీ లేదు.

రోడ్లు కరిగాయి. నువ్వు వద్దన్నా పెట్టె తీసుకుని నేనే వస్తున్నాను, శనివారం. నీ గొంతు నువ్వు మాటలు నేర్చుకుంటున్నప్పుడే విన్నాను. అప్పుడూ ముద్దగానే ఉండేది.

అక్క


బ్రాడీస్ బెండ్
26 ఫిబ్రవరి 1989

అక్కా,

నువ్వు వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గ్లెండా నీ మొక్కజొన్న రొట్టె తిని, మరి నీ వంట ఎవరి పోలిక అని నన్ను అడిగింది.

నిన్న ఎండ కాసింది. గ్లెండా నన్ను నది పక్కనున్న మడుగు దగ్గరికి తీసుకెళ్ళింది. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి, చేప పడుతుందని ఆశ లేదు. విసరడం కోసమే వెళ్ళాను. మొదట్లో పక్కకి పోయింది, తర్వాత తిన్నగా వెళ్ళింది. బటన్ వదలాల్సిన చోటు దొరికాక, ఎండు రెల్లు ముందు నాకు కావలసిన చోట రెండుసార్లు పడింది. అక్కా, ఎర నీళ్ళలో పడ్డ చప్పుడు అక్టోబరు నుంచి వినలేదు.

ఒక చిన్న బాస్ పడింది. నువ్వు చూసి ఉంటే మళ్ళీ ఎరకన్నా చిన్నదనేదానివి. నడుము తిప్పాను. గుచ్చుకుంది. ఒడ్డుకి లాగాను. కొక్కెం మాత్రం గ్లెండా తీసింది, "ఛీ, కంపు" అంటూ.

పోటీ నుంచి బావ పేరు తీయించెయ్. నా పేరు రాయించు. పడవలో కుర్చీ బిగించాలి.

వెర్లన్


బ్రాడీస్ బెండ్
12 ఏప్రిల్ 1989

అక్కా,

పోటీ నుంచి వచ్చేటప్పుడు దారంతా నేనెందుకు మాట్లాడలేదో గ్లెండా అడిగింది. మాట రాక అని చెప్పాను. నీకు మాత్రం నిజం రాస్తాను.

మధ్యాహ్నం కూలిన చెట్టు దగ్గర ఆ చేప నా ఎర పట్టుకుంది. నడుము తిప్పాను, బాగా గుచ్చుకుంది. అది పడవ కిందికి దూరింది. రాడ్డు వంగి నీళ్ళని తాకింది. చంకలో కర్ర కదల్లేదు. నొప్పిగా ఉంది, కాని పట్టుంది. పిడి తిప్పుతూనే ఉన్నాను. అది పైకి తేలి నోరు తెరిచి తల విదిల్చింది. అప్పుడు నువ్వు చేతిలో వల పక్కన పడేసి, నా చంకలోంచి రాడ్డు లాక్కున్నావు.

చేప పడవలోకి వచ్చింది. ఆ రోజుకి అదే అన్నిటికన్నా పెద్దది. అందరూ చప్పట్లు కొట్టారు. చేతిలో చేప పెట్టి నన్ను ఫోటో తీశారు. వాళ్ళు నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నారు కూడా. నేను పట్టని చేపకి.

చలికాలమంతా మనం ఆ రాడ్డు ఎందుకు తయారు చేసుకున్నాం అక్కా? నీ చేతికి అందుబాటులో ఉండడానికా?

బహుమతి కప్పు నీకు పంపుతున్నాను. అది నీ చేప.

వెర్లన్


హార్లో
18 ఏప్రిల్ 1989

తమ్ముడూ,

నీ ఉత్తరానికి ఒక జవాబు రాసి చించేశాను. నీ కాలు జారబోయింది, నీళ్ళలో పడతావని భయపడ్డాను అని అందులో రాశాను. మీ బావ చదివి, "కాలు జారిందా?" అన్నాడు. ఆయన ఆ రోజు ఒడ్డునే ఉన్నాడు కదా, దుర్భిణి పెట్టుకుని.

కాలు జారలేదు. నువ్వు స్తంభంలా నిలబడ్డావు. చేప పైకి తేలినప్పుడు అది ఎంతుందో చూశాను. పోతుందనిపించింది. నా చేతులు ఆగలేదు. అంతే జరిగింది. నీ మీద జాలిపడి కూడా కాదు, చేప మీద ఆశపడి. అది ఇంకా సిగ్గుచేటు.

పోటీ జరిపినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ చేపని ఒడ్డుకి చేర్చింది నేను, వెర్లన్ కాదు అని చెప్పాను. వాళ్ళు, "జంటల పోటీయే కదా నడీన్, ఎవరు లాగితే ఏమిటి?" అన్నారు. తేడా ఉందని చెప్పి, ఆ చేప పక్కన నీ పేరు కొట్టించి నా పేరు రాయించాను. కప్పు రాగానే వాళ్ళకే తిరిగిచ్చేస్తాను.

నువ్వు మళ్ళీ నాతో పడవ ఎక్కకపోయినా నేనేమీ అనను. రాడ్డు మాత్రం పక్కన పెట్టెయ్యకు. తోలు ఊడితే పంపు, కొత్తది చుట్టి ఇస్తాను.

తోటలో చెర్రీ చెట్టు పూసింది. మీ బావ టోపీ ఇంకా మొన్నటి చెట్టు మీదే ఉంది, అందులో పిట్ట గుడ్లు పెట్టింది.

నడీన్


బ్రాడీస్ బెండ్
14 మే 1989

అక్కా,

జవాబు ఆలస్యమైంది. కోపం పోవడానికి అంతకాలం పట్టింది. పోయిందో లేదో తెలియక ఇంకొన్నాళ్ళు ఆగాను.

నిన్న మడుగు దగ్గరికి వెళ్ళాం. ఈసారి గ్లెండాకి ముందే చెప్పాను, నేను నీళ్ళలో పడ్డా సరే, పిలిచేదాకా కుర్చీలోంచి లేవద్దని. "నాకేం పట్టింది, నా అల్లిక నాకుంది" అంది.

కలువాకుల పక్కన ఎర వేశాను. ఒక్క గుంజు గుంజింది. నడుము తిప్పాను. అది కలువల్లోకి దూరింది. దారం బిగువు సడలిస్తే పోతుంది, బిగిస్తే తెగుతుంది. తిప్పాను, ఆగాను, తిప్పాను. చంక దగ్గర కర్ర జారితే మోచేత్తో మళ్ళీ లోపలికి నొక్కాను. బయటికి లాగాను అక్కా, పూర్తిగా బయటికి. పక్కకి తిరిగి ఒళ్ళంతా చూపించింది. పోటీలో దానికన్నా పెద్దది. ఈ మాట నేను నీకు ఎప్పుడూ చెప్పే చేపల కథల్లాంటిది కాదు, గ్లెండాని అడుగు. ఆమె అల్లిక కింద పడేసి కుర్చీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఒడ్డుకి బారెడు దూరంలో ఎగిరింది. కొక్కెం ఊడి నా షూ దగ్గర పడింది. చేప వెళ్ళిపోయింది.

గట్టిగా ఒక బూతుమాట అన్నాను. స్పష్టంగా వచ్చింది. గ్లెండా, "మొత్తానికి ఒక మాట నాకు అర్థమైంది" అంది.

పోయింది. నా తప్పే, అది ఎగిరేముందు రాడ్డు కిందికి దించాల్సింది, దించలేదు. రాత్రంతా అదే తలుచుకుంటూ పడుకున్నాను, మంచి నిద్ర పట్టింది.

అది ఇంకా ఆ కలువల్లోనే ఉంటుంది. శనివారం రా. బావని కూడా తీసుకురా, ఒడ్డునే కూర్చుంటాడు. వల నీ చేతికే ఇస్తాను. నేను అడిగినప్పుడే దించు.

తమ్ముడు
వెర్లన్